అట్లాంటిక్ దాటే ముందు: చలికాలపు ఎదురుగాలితో జాగ్రత్త

లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. వెళ్లినా వచ్చినా దూరం అంతే, పట్టే సమయం మాత్రం ఒకటి కాదు. వెళ్లేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడు. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరగవచ్చు. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు టికెట్లు తీసేవారు ముందుగా చూడవలసింది ధర కాదు, ఈ తేడానే.

దీనికి కారణం జెట్ స్ట్రీమ్. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఉరికే గాలి అది. ధ్రువం వైపు చలికీ భూమధ్యరేఖ వైపు వేడికీ అంతరం పెరిగే చలికాలంలో దాని జోరు ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను వేళ న్యూయార్క్‌లో బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 4 గంటల 56 నిమిషాల్లో లండన్ చేరింది. వినడానికి బాగుంటుంది కానీ, ఆ గాలే అమెరికా వైపు వెళ్లేవారికి ఎదురుగాలి. గాలిని బట్టి సముద్రం మీది మార్గాలను ఏ రోజుకారోజు గీస్తారు కాబట్టి నిన్నటి సమయం నేటికి లెక్క కాదు.

అందుకని న్యూయార్క్‌లో విమానం మారవలసి ఉంటే గంటన్నర వ్యవధి ఉన్న టికెట్టు ఎంత చౌకైనా తీసుకోకండి. సాధారణంగా అక్కడ ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి, పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి, మళ్లీ అప్పగించాలి. నా లెక్కలో మూడు గంటలు కనీసం. చక్రాల కుర్చీ కావలసిన పెద్దవారికి నాలుగు. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ భారం మీదే.

మంచు కురిసే రోజున తలుపులు మూశాక కూడా విమానం కదలకపోవచ్చు. రెక్కల మీద మంచు తొలగించే మందు చల్లాలి, అందుకు వరుస ఉంటుంది. బీపీ, షుగరు మందులు, చీటీతో సహా, చేతిసంచిలోనే ఉంచండి. ఇన్సులిన్‌ను కింద వేసే పెట్టెలో అసలు పెట్టకండి, గడ్డకట్టి పాడవవచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, ఈమధ్యే శస్త్రచికిత్స అయినవారు డాక్టరును అడిగాకే బయలుదేరాలి. మిగతావారిలో చాలామందికి అప్పుడప్పుడూ లేచి నడిస్తే చాలు. కూర్చున్నంతసేపూ బెల్టు మాత్రం తీయవద్దు, జెట్ స్ట్రీమ్ అంచుల్లో కుదుపులు చెప్పి రావు.

తిరుగు ప్రయాణం ఎక్కువగా రాత్రివేళ. వెనుకగాలి తోస్తే గాలిలో ఉండేది ఆరు గంటలే. భోజనం, ఫలహారం పోను నిద్రకు మిగిలేది మూడు గంటలు. ఆ ఉదయం కారు నడపకండి.

గడియారం సంగతి ఒకటుంది. రెండు ఊళ్లకూ తేడా అయిదు గంటలు. అయితే అమెరికా మార్చి రెండో ఆదివారం, బ్రిటన్ చివరి ఆదివారం గడియారాలు ముందుకు జరుపుతాయి. ఆ నడుమ రోజుల్లో తేడా నాలుగు గంటలే. విమానాశ్రయానికి వచ్చి తీసుకువెళ్లేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.