గిరజాల జుట్టు చిక్కుపడకుండా, కొనలు చిట్లకుండా చూసుకునే పద్ధతి

మన ఇళ్లలో తలకు నూనె పెట్టుకునే తీరును గమనిస్తే గిరజాల జుట్టు కష్టాలకు సగం కారణం అక్కడే కనిపిస్తుంది. గోరువెచ్చని నూనెను పాపిట తీసి తీసి మాడుకు పట్టించి, చాలాసేపు మర్దన చేసి, చివరకు అరచేతులకు అంటుకుని మిగిలినదాన్ని మాత్రమే జుట్టు కొనలకు రాస్తాము. నిజానికి మాడు తన నూనెను తానే ఊరించుకోగలదు. తిన్నగా జారే జుట్టులో ఆ నూనె వెంట్రుక వెంబడి కిందికి దిగుతుంది కానీ, మెలికలు తిరిగిన జుట్టులో కొనదాకా చేరదు. ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే మనం తక్కువ పెడుతున్నామన్న మాట.

వెంట్రుక పైభాగం ఇంటికప్పు మీది పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకున్న పలచని పొలుసులతో ఏర్పడుతుంది. ఆ పొలుసుల అంచులు కొనవైపు తిరిగి ఉంటాయి. లోపల కెరటిన్ అనే ప్రోటీన్ పోగులు తాడు పేనినట్లు ఉంటాయి. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుందనుకుంటే, సాగదీసి కొలిచినప్పుడు 40 సెంటీమీటర్లు వచ్చే వెంట్రుక కొన పుట్టి మూడేళ్లు దాటి ఉంటుంది. ఆ మూడేళ్లలో అది చూసిన తువ్వాళ్లు, దిండ్లు, దువ్వెనలు, ఎండలు అన్నీ కలిసి పొలుసులను అరగదీస్తాయి. పొలుసులు ఊడిన చోట లోపలి పోగులు విడివడి, వెంట్రుక రెండుగానో నాలుగుగానో చీలుతుంది. గిరజాల వెంట్రుకకు మరో ఇబ్బంది కూడా ఉంది. అడ్డంగా కోసి చూస్తే అది గుండ్రంగా కాక నొక్కినట్లు కోలగా ఉంటుంది. ప్రతి మలుపు దగ్గరా పొలుసులు కొంచెం పైకి లేచి, పక్క వెంట్రుకను పట్టుకుంటాయి.

చిక్కులు రెండు రకాలు. మొదటిది అందరికీ తెలిసినదే. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే కానీ, గిరజాల జుట్టులో రాలినవి కింద పడవు. మెలికల మధ్యే చిక్కుకుని, మిగతావాటిని చుట్టుకుని ఉండకడతాయి. వారానికొకసారి మాత్రమే తలంటుకునేవారికి ఆ రోజున వందల వెంట్రుకలు ఒకేసారి చేతికి రావడం, దానితో కంగారు పడడం అందుకే. రెండవది ఒంటి వెంట్రుక ముడి. ఒకే వెంట్రుక తన మెలికలోంచి తానే దూరి, సూదిమొనంత ముడి వేసుకుంటుంది. కొనను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా జార్చితే ఇసుక రేణువులా తగులుతుంది. ఆ ముడి దగ్గర పొలుసులు విరిగి కొన చిట్లుతుంది, చిట్లిన కొన పక్కవాటిని పట్టుకుని కొత్త చిక్కు చేస్తుంది. కాబట్టి ఈ రెండింటికీ వేర్వేరు వైద్యాలు వెతకడం కన్నా, కొనలు ఒకదానితో ఒకటి రాసుకోకుండా చూడడమే అసలు పని.

ఈ పనిలో అందరికన్నా ఎక్కువ అనుభవం ఆఫ్రికా మూలాలున్న స్త్రీలది. ఆరిన తరువాత అసలు పొడవులో సగానికి పైగా ముడుచుకుపోయేంత బిగువైన మెలికలను వారు తరతరాలుగా సాకుతున్నారు. జుట్టును భాగాలు చేసుకుని చిక్కు తీయడం, రెండు పాయల మెలి వేసి కొనలను కాపాడడం, రాత్రి తలకు నున్నని గుడ్డ కట్టుకోవడం వారి నుంచి నేర్చుకోవలసినవి. కింద చెప్పే పద్ధతి వాటికి మన వంటింటి సరుకులను జోడించినదే.

చిక్కును తలంటుకు ముందే తీసుకోవాలి. చిక్కుతో ఉన్న జుట్టు మీద నీళ్లు, షాంపూ పడితే ముడులు మరింత బిగుస్తాయి. నుదుటి నుంచి మెడ దాకా ఒక పాపిట, చెవి నుంచి చెవికి మరొక పాపిట తీసి, నాలుగు భాగాలు చేసి, మూడింటిని క్లిప్పులతో పక్కకు కట్టండి. విప్పిన భాగానికి కొబ్బరినూనెను ముందుగా కొనలకు పట్టించి, అక్కడి నుంచి పైకి రండి. కొబ్బరినూనే ఎందుకంటే, అందులోని లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది కావడం వల్ల వెంట్రుక లోపలికి చొరబడగలదు. తలంటుకు ముందు గానీ తరువాత గానీ రాసినప్పుడు కొబ్బరినూనె వెంట్రుక ప్రోటీన్ నష్టాన్ని తగ్గించిందనీ, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ తగ్గించలేకపోయాయనీ 2003లో ముంబయి పరిశోధకులు ప్రచురించారు. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే సంస్థకు చెందినవారే అన్న విషయాన్ని మనసులో ఉంచుకుని చదివినా, కారణం మాత్రం సబబుగానే ఉంది. నూనె గంటసేపు ఉంటే చాలు.

ఇప్పుడు దువ్వెన కాదు, వేళ్లు కావాలి. ఉండకట్టిన చోటు దొరికితే, దానికి పై భాగాన్ని, అంటే మాడువైపు భాగాన్ని, ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. లాగిన బరువు కుదుళ్లకు తగలదు. ఉండ మీద రెండు చుక్కల నూనె వేసి, అర నిమిషం ఆగి, బయటి అంచున ఉన్న వెంట్రుకలను రెండు మూడు చొప్పున పక్కకు విడదీయండి. కిందికి లాగితే ముడి బిగుస్తుంది, పక్కలకు విప్పితే వదులవుతుంది. లోపల చుట్టుకుని ఉన్నవి చాలా వరకు రాలిపోయిన వెంట్రుకలే కాబట్టి, వాటి మొదళ్లు కనిపించగానే అవి తేలికగా జారివస్తాయి. నా మెడ వెనక ఒకసారి రేగుపండంత ఉండ కట్టింది. పండగ హడావుడిలో కత్తెర తెమ్మన్నాను. మా పెద్దమ్మ వద్దని కూర్చోబెట్టి, పిన్నీసు మొనతో ఒక్కొక్క పోగే లాగి ఇరవై నిమిషాల్లో విప్పింది. నేలమీద పడిన వెంట్రుకలన్నీ రాలినవే, తెగినవి ఏడో ఎనిమిదో ఉన్నాయి.

తలంటేటప్పుడు జుట్టునంతా నడినెత్తికి చేర్చి గుండ్రంగా రుద్దే అలవాటును మానుకోవాలి. షాంపూను చెంబెడు నీటిలో కలిపి, భాగాల మధ్య పాపిటల్లో పోసుకుని, వేళ్ల మెత్తని భాగంతో మాడును మాత్రమే రుద్దితే చాలు. ఆ నురగ కిందికి జారుతూ కొనలను తగినంత శుభ్రం చేస్తుంది. కుంకుడుకాయల రసం వాడేవారు దానిని పలచని గుడ్డలో వడగట్టి తీరాలి. పిప్పితో తల రుద్దుకుంటే ఆ తునకలు మెలికల్లో ఇరుక్కుని, వాటిని తీయబోయి ఇంకొన్ని వెంట్రుకలు తెంపుకుంటాము. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండే ఊళ్లలో జుట్టు గరగరలాడుతుంది. అక్కడ చివరి చెంబు మాత్రం ఫిల్టరు నీరు పోసుకోవడం మంచిది.

ఇక దువ్వడం. తిన్నని జుట్టువారికి తడిలో దువ్వవద్దని చెప్పే మాట గిరజాల జుట్టుకు తిరగబడుతుంది. తడిసిన వెంట్రుక సాగుతుంది, బలం తగ్గుతుంది, అది నిజమే. అయినా బిగువైన మెలికలను పొడిగా దువ్వితే పుట్టే రాపిడి ముందు ఆ నష్టం చిన్నది. అమెరికన్ చర్మవైద్యుల అకాడమీ కూడా గిరజాల జుట్టును తడిగా ఉన్నప్పుడే, వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వమంటుంది. అయితే ఉత్త తడి సరిపోదు, జారుడు కావాలి. కండిషనర్ ఆ పని చేస్తుంది. దానిలో బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ వంటి ధన విద్యుదావేశం గల పదార్థాలు ఉంటాయి. అరిగిన వెంట్రుక మీద ఋణావేశం ఎక్కువ కాబట్టి అవి వెళ్లి అక్కడే అంటుకుంటాయి. కండిషనర్ లేనినాడు గుప్పెడు మందారాకులను నీటిలో నలిపితే వచ్చే జిగురో, రాత్రి నానిన మెంతుల జిగురో వడగట్టి పట్టించవచ్చు. అవిసె గింజల జిగురు నాకు వీటన్నిటికన్నా నచ్చుతుంది. రెండు చెంచాల గింజలను రెండు కప్పుల నీటిలో ఉడికించి, పచ్చసొన తీసిన గుడ్డు జావలా తీగసాగగానే దించి, వేడిమీదే వడగట్టాలి. చల్లారాక గుడ్డలోంచి ఒక్క చుక్క దిగదు.

జారుడు పట్టించిన తరువాత దువ్వెనను కొనకు రెండంగుళాల పైన పెట్టి కిందికి తీయండి, అది ఆగకుండా జారాక మరో రెండంగుళాలు పైకి వెళ్లండి. మాడు దగ్గర మొదలుపెట్టి ఒక్క ఊపున కిందికి దువ్వితే దారిలో ఉన్న చిక్కులన్నీ కొనల దగ్గరకు చేరి ఒకే ముద్ద అవుతాయి. బడికి వేళవుతుందని పిల్లల జుట్టును పొద్దున్నే పొడిగా, పైనుంచి దువ్వే తల్లులకు ఒక మనవి: ముందు రాత్రే తడిపి, దువ్వి, జడ వేసి పడుకోబెడితే పిల్లల ఏడుపూ తగ్గుతుంది, మీ సమయమూ మిగులుతుంది.

తడి తుడవడంలో మన పద్ధతికి మార్పు తప్పదు. తలను ముందుకు వంచి, తువ్వాలుతో జుట్టును ఫట్ ఫట్‌మని విదిలించి కొట్టడం చూడముచ్చటగా ఉంటుంది కానీ, తువ్వాలు మీది నూలు ఉంగరాలు పైకి లేచిన పొలుసులను పట్టి లాగుతాయి. మెత్తబడిన పాత బనియనుతోనో, పంచె ముక్కతోనో పిండీ పిండకుండా నొక్కితే చాలు. సాంబ్రాణి పొగ పట్టుకునేవారు తడి కొంత ఆరాక, జుట్టును పాయలుగా పట్టుకుని పట్టవచ్చు. డ్రయ్యరు వాడక తప్పనిసరైతే తక్కువ వేడిలో, కాస్త దూరంగా పెట్టాలి. తడి జుట్టు మీద వేడి ఇస్త్రీ యంత్రం మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కట్టి, ఆ చోట వెంట్రుక పుల్లలా విరుగుతుంది.

ఆరిన జుట్టును వదులుగా ఉంచినకొద్దీ మెలికలు ముడుచుకుని, కొనలు పైకి లేచి పక్కవాటిలో దూరుతాయి. ఒంటి వెంట్రుక ముడులు ఎక్కువగా పుట్టేది అప్పుడే. కాబట్టి జుట్టును వీలైనంత సాగిన స్థితిలో ఉంచాలి. దీనికి మన మూడు పాయల జడ చక్కగా సరిపోతుంది. మరీ బిగువైన మెలికలకు రెండు పాయల మెలిలు ఐదారు వేసి, చివర్లకు కాస్త నూనె అద్ది, వదిలేయవచ్చు. జడను కుదుళ్లు నొప్పెట్టేంత బిగించవద్దు. కట్టడానికి గుడ్డ రబ్బరే వాడండి. కాగితాలకు వేసే ఉత్త రబ్బరు బ్యాండు, చివరి బుడిపె ఊడిన తలపిన్ను, ఈ రెండూ ఇంట్లో ఉండకూడనివే. పూలు తీసేటప్పుడు దండను లాగకుండా, పిన్ను తీసి, దారాన్ని కత్తిరించి విప్పాలి.

దిండు గలేబు శాటిన్‌దైతే మేలు. పాత పట్టుచీరలోంచి జరీ లేని ముక్క చూసి కుట్టించుకుంటే అంతకన్నా మేలు. జరీ ఉంటే తువ్వాలే నయం. స్కూటరు మీద వెళ్లేవారు జడ కొనను లోపలికి మడిచి, తలకు నున్నని గుడ్డ కట్టి, దానిపై హెల్మెట్ పెట్టుకోవాలి. మెడ వెనక జుట్టుకు గొలుసు కొక్కెం, స్వెట్టరు మెడ, చున్నీ అంచు అన్నీ శత్రువులే.

హెన్నా పెట్టుకునేవారు అది పూర్తిగా ఎండి పెంకు కట్టే దాకా ఆగవద్దు. రంగులు, బ్లీచింగు, స్మూతెనింగు చేయించుకున్నాక పొలుసులు బలహీనపడతాయి కనుక పై జాగ్రత్తలు రెట్టింపు కావాలి. బయోటిన్ మాత్రల సంగతి అడుగుతుంటారు. చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో జీవం లేదు, ఏ మాత్రా చిట్లిన కొనను అతికించదు. పైగా బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను, ముఖ్యంగా థైరాయిడ్ పరీక్షలను, తారుమారు చేస్తుంది. కొనలను అతికిస్తామనే సీరములు సిలికాన్ పూతతో రెండు చీలికలను తాత్కాలికంగా దగ్గరకు తెస్తాయి, తలంటుతో ఆ పూత పోతుంది. రాపిడి తగ్గించే పూతగా వాడుకుంటే పనికి వస్తాయి, మందు అనుకుంటే పొరపాటు.

చిట్లిన కొనకు కత్తిరింపు ఒక్కటే మార్గం. మూడు నాలుగు నెలలకొకసారి, జుట్టు ఆరి మెలికలు తమ రూపంలో ఉన్నప్పుడు, పలచని పాయలను మెలివేసి కొనను పావు అంగుళం తీయాలి. ఒంటి వెంట్రుక ముడి వదులుగా ఉంటే నూనె చుక్కతో, పిన్నీసు మొనతో విప్పవచ్చు. బిగుసుకుపోతే దానికి కాస్త పైన, మాడువైపున, కత్తిరించాలి. ముడిని గోళ్లతో తెంపితే అక్కడే కొత్త చీలిక మొదలవుతుంది. కత్తెర జుట్టుకోసం మాత్రమే ఉంచినదై ఉండాలి. పాలప్యాకెట్లు కోసిన మొద్దు కత్తెర వెంట్రుకను కోయదు, నలిపి చీలుస్తుంది.

ఇవన్నీ పని చేస్తున్నాయా లేదా అన్నది తలంటు తరువాత దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి చూస్తే తెలుస్తుంది. ఒక చివర చిన్న తెల్లని బుడిపె ఉన్నవి వాటంతట అవి రాలినవి. రోజుకు 50 నుంచి 100 అన్న లెక్కకు మించకపోతే పెద్దగా కంగారు అక్కరలేదు. బుడిపె లేని పొట్టి ముక్కలు తెగినవి. అవి అంగుళం, రెండంగుళాల పొడవే ఉంటే కొనలు అరుగుతున్నట్లు, కత్తిరింపు ఆలస్యమైనట్లు. మధ్యలో తెగిన పొడవాటి ముక్కలు ఎక్కువగా ఉంటే దువ్వే తీరులోనో రబ్బరు కట్టే చోటులోనో తప్పు వెతకాలి. వెంట్రుక పొడవునా తెల్లని చుక్కలు కనిపించి, ఆ చుక్కల దగ్గరే విరుగుతుంటే చర్మవైద్యునికి చూపించండి. వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని మడిచి వెంట తీసుకెళ్లండి.