చెన్నైలో కూర్చుని సముద్రపు అడుగును చదవడం

ఆడిటింగ్ నా వృత్తి. అందుకే ఎవరైనా సముద్రగర్భ భూకంపాల గురించి అడిగితే, పటం కన్నా ముందు పట్టిక తెరవమంటాను. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వెబ్‌సైటులో ఆ పట్టిక ఉచితం. 1976 నుంచి ఇప్పటివరకు, తీవ్రత 5.5 ఆపైన, దక్షిణం 15 నుంచి ఉత్తరం 20 డిగ్రీల దాకా, తూర్పు 60 నుంచి 105 దాకా అని ఇచ్చి సీఎస్‌వీ ఫైలు దించుకోండి. 1976 ఎందుకంటే, తర్వాత మనకు అవసరమయ్యే గ్లోబల్ సీఎంటీ జాబితా (ఒక్కో భూకంపంలో నేల ఎలా కదిలిందో చెప్పేది) అక్కడే మొదలవుతుంది.

ముందు లోతు గడి చూడండి. 10 కిలోమీటర్లు అని వరసగా కనిపిస్తే అనుమానించాల్సిందే. లోతు తేలనప్పుడు లెక్క సాగడానికి పెట్టే అంకె అది. పాత నమోదుల్లో 33 కూడా అంతే. మా ఖాతాల్లో అయితే వెంటనే వోచరు అడుగుతాం. ఆ వరసలను వేరే రంగులో గుర్తుపెట్టుకోండి, తీసేయకండి.

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో జెబ్కో వారి సముద్రపు లోతుల పటం పరిచి, పైన చుక్కలు వేయండి. పశ్చిమాన సముద్రపు అడుగునున్న కార్ల్స్‌బర్గ్ శిఖరశ్రేణి వెంట సన్నని గీత వస్తుంది. సుమత్రా దగ్గర దట్టమైన పట్టీ, తూర్పుకు పోయేకొద్దీ లోతు పెరుగుతుంది: కిందికి దిగుతున్న ఫలకం (భూమి పైపొరలోని పెద్ద పలక) అది. నాకు ఇష్టమైనవి ఈ రెండూ కావు, శ్రీలంకకు దక్షిణాన చెల్లాచెదురుగా పడే చుక్కలు. ఫలకం నడిమధ్యన అవి ఉండకూడదని పాఠ్యపుస్తకం అంటుంది. ఒకే ఫలకం అనుకున్నది అక్కడ భారత, ఆస్ట్రేలియా అనే రెండు ఫలకాలుగా విడివడుతోంది. ఆ సరిహద్దు ఒక గీత కాదు, విశాలమైన ప్రాంతం.

చుక్క ఎక్కడ కంపించిందో చెబుతుంది, ఎలా కదిలిందో చెప్పదు. దానికి సీఎంటీ బంతులు కావాలి: ఆ జాబితాలో ఒక్కో భూకంపానికి ఇచ్చే నలుపు తెలుపు గుండ్రని బొమ్మలు. బంతి నడుమ నలుపు ఉంటే నెట్టుడు, తెలుపు ఉంటే సాగుడు, నాలుగు ముక్కలుగా చీలితే పక్కకు జారుడు. 1965లో భూభౌతిక శాస్త్రవేత్త విల్సన్ ఊహించిన ట్రాన్స్‌ఫార్మ్ భ్రంశాలను (ఫలకాలు ఒకదాని పక్కగా ఒకటి జారే పగుళ్లను) 1967లో భూకంప శాస్త్రవేత్త లిన్ సైక్స్ నిర్ధారించింది భూకంపాల్లోని ఈ కదలికల దిశ చూసే.

2012 ఏప్రిల్ 11 బంతి తెరవండి. మధ్యాహ్నం రెండు దాటాక చెన్నైలో జనం మేడలు దిగి వీధుల్లోకి వచ్చిన రోజది. సుమత్రాకు పడమర 8.6, మరో రెండు గంటల తర్వాత 8.2. రెండూ పక్కకు జారినవే కాబట్టి 2004లోలా సముద్రాన్ని పైకి ఎత్తలేదు. అయితే ప్రతి బంతిలోనూ భ్రంశం కాగల తలాలు రెండు ఉంటాయి. అసలు భ్రంశం ఏదో బంతి ఒక్కటే తేల్చదు. అనంతర ప్రకంపనల వరస, సముద్రపు అడుగున పాత పగుళ్ల దిశ కలిపి చూడాలి. ఆ రోజు ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉన్న పలు భ్రంశాలు కలిసి తెగాయి, అందుకే ఇది కఠినమైన ఉదాహరణ.

అభ్యాసానికి 2014 మే 21 వరస తీసుకోండి: బంగాళాఖాతం, తీవ్రత 6.0, లోతు సుమారు 50 కిలోమీటర్లు. ఫలకం అంచు ఎంత దూరమో కొలిచి, కదలిక ఏ రకమో మీ అంచనా కాగితం మీద రాసుకోండి. బంతి ఆ తర్వాతే తెరవండి.