అమ్మాయిలకు పద్దు పుస్తకం, అబ్బాయిలకు మైకు: బడిలో వ్యాపార పాఠాన్ని సరిదిద్దుకోవడం ఎలా?

బడిలో వ్యాపార పాఠం మొదలుపెట్టే తోటి ఉపాధ్యాయులకు నేను ముందుగా చెప్పేది పనుల పంపకం గురించే. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలతో చిత్తు పుస్తకాలు కుట్టి అమ్మే పని ఒక జట్టుకు అప్పగించి, పక్కన నిలబడి చూడండి. ఎవరూ చెప్పకుండానే అట్టలకు రంగులు వేయడం, పద్దు రాయడం చాలాసార్లు అమ్మాయిల వంతవుతాయి. ధర చెప్పడం, బేరమాడడం, చివర్లో మైకు అందుకోవడం అబ్బాయిలవి. అందరూ కష్టపడ్డారని మనం మురిసిపోతాం. అమ్మడం నేర్చుకున్నది మాత్రం సగం మందే.

కాబట్టి నాయకత్వం ఎవరికి కావాలని అడగకండి. చెయ్యెత్తడం వేరు, చేతనవడం వేరు. ఆర్థికవేత్తలు నీడర్లే, వెస్టర్‌లుండ్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో రెండంకెల కూడికలు స్త్రీలూ పురుషులూ సమానంగానే చేశారు. పోటీపడి గెలిస్తేనే డబ్బు వచ్చే పద్ధతిని ఎంచుకున్నవారు మాత్రం పురుషుల్లో 73 శాతం, స్త్రీలలో 35 శాతం. మన తరగతిలో ఆ ఎంపికే లేకుండా చేయొచ్చు: మొదటి వంతు చీటీలతో తేల్చి, ప్రతి అమ్మకం తర్వాత పనులు మార్చండి. పద్దు చేతులు మారేటప్పుడు నగదు ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. ఇది అబ్బాయిలకూ అవసరమే. పద్దు ముట్టని కుర్రాడు దారం, జిగురు ఖర్చు మరిచి ధర చెప్పేస్తాడు.

ఇక ప్రదర్శన రోజు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది మనమే, పిల్లలు కాదు. కొత్త సంస్థల పోటీలో పెట్టుబడిదారులు అడిగిన ప్రశ్నలను పరిశోధకురాలు డేనా కాంజ్ బృందం పరిశీలించి 2018లో ప్రచురించింది. పురుషులను ఎక్కువగా ఎదుగుదల గురించి, స్త్రీలను ఎక్కువగా నష్టాల గురించి అడిగారట. న్యాయనిర్ణేతలుగా వచ్చే పెద్దలు మంచి మనసుతోనే ఆ పని చేస్తారు: అబ్బాయిని ‘వచ్చే ఏడాది ఎన్ని అమ్ముతావు?’ అంటారు, అమ్మాయిని ‘మిగిలిపోతే ఏం చేస్తావమ్మా?’ అంటారు. అందుకే ప్రశ్నలు ముందే కాగితం మీద రాసిపెట్టి, అందరినీ అవే అడగమనండి.

బయట ఆ కాగితం ఉండదు కాబట్టి ఇంకో సాధన కూడా చేయించండి. నష్టం గురించి అడిగినా జవాబును ఎదుగుదల వైపు మళ్లించినవారికి ఎక్కువ పెట్టుబడి దక్కిందని అదే పరిశోధన గుర్తించింది. ‘మిగిలిపోతే?’ అంటే, ‘మిగిలినవాటిని పక్క తరగతులకు నమూనాలుగా పంపి కొత్త ఆర్డర్లు తెస్తాం’ అనాలి. అడిగేవాళ్లుగా అబ్బాయిలను, జవాబు చెప్పేవాళ్లుగా అమ్మాయిలను కూర్చోబెట్టండి. తర్వాత తిరగేయండి.