ప్రోస్టేట్ క్యాన్సర్ ముదురుతుందో లేదో చెప్పే జీవసూచికలు: రిపోర్టులు చదివే పద్ధతి

బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలిన రోజున ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ముదురుతుందా, ఇలాగే ఉండిపోతుందా? బ్రిటన్‌లో జరిగిన ప్రోటెక్ట్ అధ్యయనంలో, వ్యాధి గ్రంథి దాటని 1,643 మందికి శస్త్రచికిత్స, రేడియేషన్, క్రమం తప్పని పరిశీలన అనే మూడింటిలో ఏదో ఒకటి కేటాయించి సుమారు 15 ఏళ్లు గమనించగా, ఈ క్యాన్సర్‌తో మరణించినవారు 45 మంది, అంటే 2.7 శాతం మాత్రమే. మరణాల విషయంలో మూడు వర్గాలూ దాదాపు సమానం. అయితే పరిశీలనతో మొదలుపెట్టినవారిలో 9.4 శాతం మందికి వ్యాధి ఇతర భాగాలకు పాకగా, మిగతా రెండు వర్గాల్లో అది 5 శాతం దరిదాపుల్లోనే ఉంది. అలా పాకే అవకాశమున్న కొద్దిమందిని ముందే గుర్తించడం జీవసూచికల (బయోమార్కర్లు, అంటే రక్తంలోనో కణితిలోనో చూసే గుర్తుల) పని.

ఏ పరీక్షకైనా డబ్బు కట్టే ముందు డాక్టరుగారిని ఒక మాట అడగండి: "ఫలితం ఎక్కువ వస్తే ఏం చేస్తారు, తక్కువ వస్తే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ పరీక్షను వాయిదా వేయవచ్చు.

ముందుగా పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీను రక్తంలో ఎంత ఉందో చెప్పే సంఖ్య. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఇటీవల కాథెటర్ (మూత్రపు గొట్టం) వేసినా ఈ సంఖ్య పెరుగుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది తప్పుగా తగ్గి కనిపించడం. వయసుతో ప్రోస్టేట్ గ్రంథి పెరిగినప్పుడు ఇచ్చే డ్యుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ మందులను ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడినవారిలో పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది కనుక, రిపోర్టులో 3 అని ఉంటే దాన్ని సుమారు 6గా లెక్కించాలి. రోజూ వేసుకునే మాత్రల అట్ట వెనుక ఈ పేర్లున్నాయేమో చూసి డాక్టరుగారికి చెప్పండి.

తరువాత బయాప్సీ రిపోర్టులోని గ్లీసన్ స్కోరు, అంటే సూక్ష్మదర్శినిలో క్యాన్సర్ కణాల అమరిక ఎంత అసాధారణంగా ఉందో చెప్పే అంకెలు. 3+4 అన్నా 4+3 అన్నా మొత్తం 7 అవుతుంది గానీ ఆ రెండూ ఒకటి కావు. మొదటి అంకె ఎక్కువ భాగంలో కనిపించిన అమరికను సూచిస్తుంది. అందుకే 3+4ను రెండో గ్రేడు గ్రూపులోనూ, అంతకంటే తీవ్రమైన 4+3ను మూడో గ్రూపులోనూ చేరుస్తారు. మొత్తం సంఖ్యను మాత్రమే గుర్తుపెట్టుకుని రెండో డాక్టరును కలవకండి.

ఈ రెండూ చూశాక కూడా సందేహం మిగిలినప్పుడే కణితి జన్యు పరీక్షలకు అసలైన ప్రయోజనం. ప్రొలారిస్ అనే పరీక్ష కణ విభజనకు సంబంధించిన 31 జన్యువుల చురుకుదనాన్ని కొలుస్తుంది. ఆంకోటైప్ డీఎక్స్ 17 జన్యువులను చూసి 0 నుంచి 100 లోపు స్కోరు ఇస్తుంది. 22 ఆర్‌ఎన్‌ఏ గుర్తులను (జన్యువుల చురుకుదనాన్ని తెలిపేవి) పరిశీలించే డెసిఫర్ స్కోరు 0 నుంచి 1 వరకు ఉంటుంది: 0.45 కంటే తక్కువైతే ముప్పు తక్కువ, 0.60 దాటితే ఎక్కువ. పరిశీలనలో ఉండవచ్చా, శస్త్రచికిత్స తరువాత రేడియేషన్ కావాలా అన్న మీమాంసలో ఇవి తోడ్పడతాయి. వీటిని రూపొందించి సరిచూసింది చాలావరకు అమెరికా, ఐరోపా రోగుల నమూనాలపైనే కనుక, మనవారి విషయంలో స్కోరును గ్లీసన్, పీఎస్‌ఏలతో కలిపి చదవడమే క్షేమమని నా అభిప్రాయం.

ఈ పరీక్షలకు కావలసింది బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు. మా పెదనాన్నగారి విషయంలో ల్యాబువారు రంగు వేసిన స్లైడ్లు మాత్రమే ఇచ్చి పంపారు. అవి పనికిరావని, బ్లాకే కావాలని తెలిసేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. అత్యధిక గ్రేడు ఏ బ్లాకులో ఉందో పాథాలజిస్టు చేత రాయించుకుని, దాన్నే పంపమని అడగండి. పరీక్ష ముగిశాక మిగిలినదాన్ని తప్పక వెనక్కి తీసుకోండి.

చికిత్స తరువాత చూడవలసింది పీఎస్‌ఏ ఎంత ఉందన్నదే కాదు, ఎంత వేగంగా పెరుగుతోందన్నది కూడా. గ్రంథిని తొలగించాక పీఎస్‌ఏ 0.2కు చేరి, మరోసారి చేసిన పరీక్షలోనూ అలాగే వస్తే వ్యాధి తిరగబెట్టినట్టు భావిస్తారు. రేడియేషన్ తరువాతైతే, పీఎస్‌ఏ దిగిన కనిష్ఠ స్థాయికి 2 కలిపి, ఆ సంఖ్యకు చేరితే తిరగబెట్టినట్టు భావిస్తారు. జనవరిలో 0.2, మేలో 0.4, సెప్టెంబరులో 0.8 వచ్చిందంటే నాలుగు నెలలకోసారి రెట్టింపవుతోందని అర్థం, అది వెంటనే పట్టించుకోవలసిన వేగం. ఒకే ల్యాబులో చేయించి, తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది.

వ్యాధి ఇతర అవయవాలకు పాకినవారు బీఆర్‌సీఏ2 వంటి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువుల (కణంలో డీఎన్‌ఏ దెబ్బతింటే సరిచేసేవి) పరీక్ష గురించి తప్పక అడగాలి. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో అలాంటి 692 మందిలో సుమారు 12 శాతం మందికి ఈ కోవ జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉన్నట్టు తేలింది. బీఆర్‌సీఏ2 లోపం ఉన్న క్యాన్సర్ సాధారణంగా ఉద్ధృతంగా ఉంటుంది, కానీ ఒలాపరిబ్ అనే మందుకు లొంగే అవకాశం కూడా ఉంటుంది. కణితిలో లోపం కనిపిస్తే అది వంశపారంపర్యమో కాదో రక్తం లేదా లాలాజల పరీక్షతో తేల్చుకోవాలి. వంశపారంపర్యమైతే కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా, సగం అవకాశంతో సంక్రమిస్తుంది. మగవారి జబ్బు కదా అని ఆడపిల్లలకు చెప్పకుండా ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. అదే లోపం వారికి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచుతుంది కనుక, ఆ రిపోర్టు నకలు కూతుళ్లకూ అక్కచెల్లెళ్లకూ ముందుగా ఇవ్వండి.