తాతగారి యుద్ధకాలపు రివాల్వర్‌కు వారసత్వ లైసెన్స్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుంది?

సైన్యంలో పనిచేసిన పెద్దాయన పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే పతకాలు, డైరీ, యూనిఫాం గుండీలతో పాటు అడుగున గుడ్డలో చుట్టిన రివాల్వర్ బయటపడటం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ జరుగుతోంది. నాకు తెలిసిన ఒక కుటుంబం అలాంటి రివాల్వర్‌కు ‘యాంటిక్ సర్టిఫికెట్’ ఇప్పిస్తానన్న దళారీకి డబ్బు కట్టింది. అతను తెచ్చిన కాగితం మీద గుండ్రటి ముద్ర ఉంది, సంతకం ఉంది. ఏ చట్టం కింద ఎవరు ఇచ్చారో మాత్రం లేదు. లైసెన్సుల విభాగంలో దాన్ని ఒక్కసారి చూసి పక్కన పెట్టేశారు.

అసలు మొదటి పని దరఖాస్తు కాదు, అప్పగింత. లైసెన్స్‌దారు చనిపోయాక ఆ తుపాకీ ఇంట్లో ఉండటానికి చట్టబద్ధమైన ఆధారం పోయినట్టే. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం అనవసర ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ దాన్ని డిపాజిట్ చేయాలి. సంచిలో వేసుకుని బస్సెక్కకండి. ముందు స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో అప్పగించండి. డిపాజిట్ చేస్తే ఇక తిరిగి రాదేమోనన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. గడువులోగా తిరిగి తీసుకునే హక్కు, లేదా అర్హత ఉన్నవాళ్లకు అమ్ముకునే హక్కు అదే సెక్షన్‌లో ఉంది. గడువు దాటితే ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. కాబట్టి రసీదు మీద గడువు ఎప్పటివరకో అడిగి రాయించుకోండి. దాంతో పాటు తయారీ పేరు, సీరియల్ నంబర్, బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంటే ఏ తూటా పడుతుందో చెప్పే కొలత) కూడా. ఈ చివరి మాట దగ్గరే ఫైళ్లు ఆగిపోతాయి. దాని సంగతి కింద చెబుతాను.

అంతకంటే ముందు ‘పాతది కదా, పేలదు కదా, దీనికి లైసెన్స్ ఎందుకు?’ అన్న మాట. దళారులు బతికేది దీని మీదే. సెక్షన్ 45లో మినహాయింపు ఉన్నమాట నిజమే. పాత నమూనావి, పురావస్తు విలువ ఉన్నవి, పాడైపోయినవి అయిన ఆయుధాలకు చట్టం వర్తించదని అందులో ఉంది. కానీ వాక్యం అక్కడితో అయిపోలేదు. మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేనిదై ఉండాలి అన్నది మిగతా సగం. తుప్పు పట్టి ట్రిగ్గర్ బిగుసుకుపోయిన రివాల్వర్‌ను మెకానిక్ ఒక పూటలో బాగుచేయగలడంటే దానికి మినహాయింపు లేదు. 2020 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించి, ‘క్యూరియో’ (అపురూపమైన పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారతీయులు ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదన్నారు. వాడటానికి, వెంట తీసుకెళ్లడానికి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడానికి మాత్రం లైసెన్స్ కావాల్సిందే. మన ఇంట్లోది ఆ కోవలోదేనని మనకు మనమే తీర్మానించుకుంటే కుదరదు. లైసెన్సింగ్ అధికారికి రాసి, పరీక్ష చేయించి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ ఉంచుకున్నా 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు.

ఇక బోరు. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ ఇండియా సైన్యపు అధికారులు నడుముకు కట్టుకున్నవి ఎక్కువగా .455 వెబ్లీ రివాల్వర్లు, ఆ తర్వాత .380 తూటా పేల్చే ఎన్‌ఫీల్డ్, వెబ్లీలు. మన ఆయుధాల నిబంధనల్లో సరిగ్గా ఈ .380, .455 తూటాలు, సైన్యం వాడే 9 ఎం.ఎం. తూటాలు పట్టే పిస్టళ్లు, రివాల్వర్లే నిషేధిత బోరు కింద ఉన్నాయి. ఆఫీసుల్లో పీబీ (ప్రొహిబిటెడ్ బోర్) అంటారు. నిషేధిత బోరు కానిదైతే జిల్లాలో కలెక్టర్, కమిషనరేట్ ఉన్న నగరంలో పోలీస్ కమిషనర్ నిర్ణయిస్తారు. నిషేధిత బోరుకు నిర్ణయం కేంద్ర హోం శాఖది. దరఖాస్తులో బోరు గడి ఖాళీగా వదిలేసినా, అందాజుగా ‘.32’ అని రాసినా నెలల తరబడి తిరిగాక ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. పైగా రాసింది తప్పు వివరం అవుతుంది. రివాల్వర్‌ను మీరే విప్పి చూడాల్సిన పని లేదు. పాత లైసెన్స్ పుస్తకంలో ఉన్నదాన్ని, డిపాజిట్ రసీదులో రాసినదాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే దరఖాస్తు పెట్టకముందే డిపాజిట్ చేసినచోట సరిచేయించండి. పీబీ అని తేలినంత మాత్రాన కంగారు పడొద్దు. వారసత్వ దరఖాస్తు పెట్టుకునే దారి దానికీ ఉంది, కాకపోతే పొడుగు దారి.

పాత లైసెన్స్ పుస్తకం దొరకకపోతే? ఇచ్చిన కార్యాలయం రిజిస్టర్‌లో నంబర్ ఉంటుంది, నకలు కోసం అర్జీ పెట్టండి. వారసత్వ లైసెన్స్‌కు పునాది ఆ పాత లైసెన్సే. పెద్దాయన అసలు లైసెన్స్ తీసుకోనే లేదని తేలితే, దాన్ని దాటించే కాగితం ఏదో తెస్తానన్నవాడిని గుమ్మంలోకి రానీయకండి.

మిగతావి తెలిసినవే. ఎ-1 అనే దరఖాస్తు ఫారం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలు, వయసు, చిరునామా, గుర్తింపు రుజువులు, శారీరక, మానసిక ఆరోగ్యంపై డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీని భద్రంగా దాచుకుంటానన్న హామీ పత్రం. వారసత్వం కాబట్టి మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తమకు అభ్యంతరం లేదని మిగతా వారసుల అఫిడవిట్లు. అక్కచెల్లెళ్ల సంతకాలు మర్చిపోయేవాళ్లు చాలామంది. పోలీసు విచారణ నివేదికకు నిబంధనల్లో 30 రోజులు గడువు పెట్టారు. ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి.

పెద్దాయన బతికే ఉంటే ఇదంతా చాలా తేలిక. 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా తన దగ్గరున్నా, ఏది ముందైతే అప్పుడు ఆయనే వారసుడి పేరు సూచించవచ్చు.

పతకాలకు, బెల్టుకు, బైనాక్యులర్స్‌కు, టోపీకి లైసెన్స్ గొడవ లేదు. పెట్టెలో తూటాలుంటే మాత్రం అవి కూడా అప్పగించాల్సినవే. వాటిని కదపకుండా, ఉన్నట్టు స్టేషన్‌కు చెప్పండి. ఆఫీసర్ కత్తికి లైసెన్స్ అవసరం కొన్ని నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే, మీ ఊరు అందులో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఇక డైరీ, ఉత్తరాలు. వీటిని విదేశాల్లో ఉన్న మనవడికి పంపేముందు ఆగండి. 1972 పురావస్తువుల చట్టంలో మామూలు వస్తువులకు వందేళ్లు, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకు 75 ఏళ్లే హద్దు. 1944లో బర్మా సరిహద్దు నుంచి రాసిన ఉత్తరానికి ఆ వయసు ఎప్పుడో దాటింది. భారత పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకున్నాకే పార్శిల్ కట్టండి.