కెన్యా పల్లెల్లో స్కౌట్లతో పనిచేయాలంటే

ముందు మీ స్కౌట్ సంస్థ ద్వారానే కెన్యా స్కౌట్స్ అసోసియేషన్‌కు రాయండి. డబ్బు తీసుకుని, పిల్లలతో ఫొటోలు దిగే అవకాశం అమ్మే ఏజెన్సీలంటే నాకు పడదు. ఏం పని కావాలో అక్కడి ట్రూప్ (స్థానిక స్కౌట్ దళం) చెప్పాలి, మనం కాదు. ప్రపంచ స్కౌట్ సంస్థ వారి ‘సేఫ్ ఫ్రమ్ హార్మ్’ అనే పిల్లల భద్రత కోర్సు ఆన్‌లైన్‌లో పూర్తిచేసి వెళ్లండి.

2024 నుంచి వీసా బదులు ఈటీఏ, అంటే ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, ఉంటే చాలు. కానీ జీతం లేకపోయినా పని పనే. వేరే పర్మిట్ కావాలా అని పిలిచినవాళ్లను రాతపూర్వకంగా అడగండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా ఇండియాకు తిరిగొస్తే క్వారంటైన్ తప్పకపోవచ్చు. మలేరియా మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి.

భూమధ్యరేఖ అనగానే పల్చటి చొక్కాలు సర్దేస్తారు. నైరీ పట్టణం దాదాపు 1,750 మీటర్ల ఎత్తున ఉంటుంది. జూలై రాత్రుళ్లు వణికిస్తాయి, స్వెటర్ పెట్టుకోండి. స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1941లో కన్నుమూసింది అక్కడే, ఆయన సమాధి చూడకుండా రాకండి.

పల్లెల్లో కార్డులు పనిచేయడం కష్టం. నైరోబీలో దిగగానే సఫారీకామ్ సిమ్ తీసుకుని, ఫోన్‌తోనే డబ్బు చెల్లించే ఎం-పెసా ఖాతా తెరవండి. దానికి పాస్‌పోర్ట్ చూపించాలి.