రీబూట్ కాగానే కెర్నల్ మాడ్యూల్ మార్పులు పోతున్నాయా?

సమస్య: లైనక్స్‌లో కెర్నల్ మాడ్యూళ్లను (డ్రైవర్ల లాంటివాటిని) ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్ కొట్టగానే వైఫై సిగ్నల్ నిండుగా వచ్చింది. కరెంటు పోయి వచ్చాక చూస్తే మళ్లీ ఒక్క గీతే. హన్మకొండ, కాజీపేటల్లో రూము తీసుకుని చదువుకునే పిల్లల దగ్గర బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్ ఉంటే, కరెంటు పోయిన ప్రతిసారీ రీబూటే.

కారణం: మోడ్‌ప్రోబ్ మార్చేది నడుస్తున్న కెర్నల్‌ని మాత్రమే. డిస్క్ మీద ఏదీ రాయదు.

పరిష్కారం (ఉబుంటు, మింట్, డెబియన్‌లకు, కమాండ్లు, ఫైల్ పేర్లు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే కొట్టండి): మీది ఆర్‌టీఎల్8723బీఈ వైఫై చిప్ అనుకుందాం. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో వైఫై.కాన్ఫ్ అనే ఫైల్ పెట్టి, అందులో ఒకే లైన్ రాయండి:

ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2

యాంట్_సెల్ అంటే ఏ యాంటెన్నా వాడాలో చెప్పే ఆప్షన్. 2తో సిగ్నల్ పెరగకపోతే 1 పెట్టి చూడండి. ఫైల్ పేరు చివర .కాన్ఫ్ లేకపోతే దాన్ని అసలు చదవదు. రీబూట్ చేయకుండా పరీక్షించాలంటే ముందు మోడ్‌ప్రోబ్ -ఆర్‌తో మాడ్యూల్‌ని తీసేసి, మళ్లీ ఎక్కించాలి. ఎక్కి ఉన్న మాడ్యూల్‌కి కొత్త ఆప్షన్ ఇస్తే పట్టదు, ఎర్రర్ కూడా చూపించదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. నిజంగా పట్టిందో లేదో /సిస్/మాడ్యూల్/ఆర్‌టీఎల్8723బీఈ/పారామీటర్స్/యాంట్_సెల్ ఫైల్‌ని క్యాట్‌తో చూస్తే తెలుస్తుంది.

మాడ్యూల్ తనంతట తాను ఎక్కడం లేదా? ఐ2సీ-డెవ్ లాంటివాటి పేరును /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి కింద మరో .కాన్ఫ్ ఫైల్‌లో రాయాలి. లైనుకు ఒక పేరు, అంతే. ఆప్షన్లు అక్కడ రాస్తే పనిచేయవు.

బ్లాక్‌లిస్ట్ చేసినా (తనంతట ఎక్కొద్దని మోడ్‌ప్రోబ్.డిలో రాసినా) నూవో అనే ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కుతూనే ఉందా? గ్రాఫిక్స్, డిస్క్ మాడ్యూళ్లు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) నుంచే ఎక్కేయవచ్చు. అందులో ఉన్నది మీ సెట్టింగుల పాత కాపీ. సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ కొట్టి రీబూట్ చేయండి. ఫెడోరాలో అయితే డ్రాకట్ -ఎఫ్. ఇంకో మాడ్యూల్ దాన్ని లాగుతుంటే బ్లాక్‌లిస్ట్ ఆపలేదు. అప్పుడు ‘ఇన్‌స్టాల్ నూవో /బిన్/ఫాల్స్’ అని మోడ్‌ప్రోబ్.డిలోనే రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని మళ్లీ అప్‌డేట్ చేయాలి.

కెర్నల్ అప్‌డేట్ తర్వాత ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ వస్తే, మీరు బయటినుంచి తెచ్చి కట్టిన డ్రైవర్ పాత కెర్నల్‌ది. అలాంటి డ్రైవర్‌ని డీకేఎంఎస్‌లో పెట్టడమే మేలు, కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా అదే మళ్లీ కడుతుంది. ఉబుంటులో లైనక్స్-హెడర్స్-జెనరిక్ ప్యాకేజీ ఉండాలి, లేకపోతే కట్టడానికి హెడర్లు దొరకవు.

‘కీ వాజ్ రిజెక్టెడ్’ అంటే సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేని డ్రైవర్లను ఎక్కనివ్వని రక్షణ) అడ్డుపడినట్టు. మోక్‌యుటిల్ --ఇంపోర్ట్‌తో డీకేఎంఎస్ సంతకం కీ ఇచ్చి, ఒక పాస్‌వర్డ్ పెట్టండి. రీబూట్‌లో నీలం తెర వస్తుంది. అది కొద్ది సెకన్లే ఆగుతుంది కాబట్టి వెంటనే ఏదైనా మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. తెర దాటిపోతే ఇంపోర్ట్ నుంచి మళ్లీ చేయాలి.